నాంచారమ్మ గట్టు మీది ఆముదం చెట్లు

రండర్రా, రండి. అక్కడ గడప మీద నిలబడితే కథ సగమే వినపడుతుంది. ఇటు జరిగి చాప మీద కూర్చోండి. పండూ, కాళ్ళు ముడుచుకో, చెల్లికి చోటివ్వు. చిట్టీ, నువ్వు నా ముందుకు రా, నీ జడ విప్పి చమురు రాస్తూ చెబుతా. ఇవాళ్టి కథ వింటుంటే కోపం వస్తుంది. రానివ్వండి. ఈ కథకి కోపమే రావాలి.

అనగనగనగా, ఎర్రమట్టి దిబ్బల అవతల గురివిందలపాడు అని ఒక ఊరుండేది. వానలు మొదలవగానే ఆ ఊరివాళ్ళంతా వేరుశనగ విత్తేవాళ్ళు. చేను చుట్టూ గట్టు మీద ఆముదం గింజలు నాటేవాళ్ళు. ఎందుకు నాటుతున్నారని అడిగితే, మా తాతలు నాటారు కాబట్టి అనేవాళ్ళు. అంతకంటే ఎవరికీ తెలీదు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఆడపిల్ల పురిటికి పుట్టింటికొస్తే, పుట్టిన బిడ్డ మాడుకి మొదట పెట్టే చమురు ఆ పుట్టింటి గట్టు మీద కాసినదే అవ్వాలి. కొన్న చమురు పనికిరాదు. పక్కింట్లో అడిగి తెచ్చిందీ పనికిరాదు. తన నేల చల్లదనం తన బిడ్డ తలకెక్కాలని వాళ్ళ నమ్మకం.

ఆ ఊళ్ళోనే నాంచారమ్మ ఉండేది. ఆమె మొగుడు బండి తోలుకుంటూ నెలల తరబడి పైఊళ్ళు తిరిగేవాడు. చేను చూసుకునేది నాంచారమ్మే. ఆమె గట్టు మీద ముప్ఫై ఆముదం చెట్లు. పెళ్ళై వచ్చేటప్పుడు వాళ్ళమ్మ కొంగున ముడేసి ఇచ్చిన గింజల్ని ఏటేటా దాచి, ఏటేటా విత్తి, ఆ వరసని అలాగే నిలుపుకుంటూ వచ్చింది.

నాంచారమ్మకి కోపం రాదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. మేకపిల్ల వచ్చి ఆరేసిన చీర కొంగు నమిలేస్తే, పోనీలే, దానికి ఆకలేసింది కామోసు అనే మనిషి. ఆ ఏడు ఆమె కూతురు తాయారుకి ఆరో నెల. మార్గశిరంలో పురుడు. నాంచారమ్మ రోజూ గట్టు మీద నిలబడి గెలలు ఎప్పుడు వేస్తాయా అని లెక్కేసుకునేది.

ఇక ఊరిపెద్ద సంగతి. ఆయన పేరు కోటిలింగం. ఎర్ర తలపాగా చుట్టుకుని పొద్దస్తమానం చావడి అరుగు మీద కూర్చునేవాడు. వంగితే తలపాగా జారుతుందని తన చెప్పులు తనే తొడుక్కునేవాడు కాదు, ఇంకొకరు వచ్చి తొడగాలి. చేలోకి దిగి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. అయినా చేల గురించి తీర్పులన్నీ ఆయనవే.

ఆ ఏడు ఆయనకొక బుద్ధి పుట్టింది. ఆముదం నీడ పడి వేరుశనగ పాడవుతోందని తన గట్టు మీది ఆముదం మొత్తం పీకించేశాడు. నెల తిరిగేసరికి ఆయన చేలో లద్దెపురుగు పడింది. ఆకులన్నీ తినేసి ఈనెలు మిగిల్చింది.

అప్పుడాయన ఏమన్నాడో తెలుసా? తన గట్టు బోడిదైంది కదా, దాని పక్కనే నాంచారమ్మ గట్టు ఉంది కదా, ఆ ఆముదం ఆకుల్లో చిల్లులున్నాయి కదా, కాబట్టి పురుగు అక్కడే పుట్టి తన చేలోకి పాకిందన్నాడు. దిగి చూశాడా? లేదు. ఆకు తిప్పి చూశాడా? అదీ లేదు. చావడి అరుగు మీద కూర్చునే ఊరంతా వినేలా తీర్పు చెప్పాడు.

"నాంచారీ, మూడు వారపు సంతలు గడువిస్తున్నా. ఈలోగా నీ చెట్ల చీడ వదిలించు. లేదంటే గట్టు నున్నగా పీకిస్తా."

నాంచారమ్మ తల ఊపి ఇంటికెళ్ళింది. చూశారా, చెట్టుకి నోరు లేదు, దాని మనిషికి నోరు పెగల్లేదు. ఇంకేం, నేరం దానిమీద పడింది.

మొదటి వారం కోటిలింగం బండిలో వెళుతూ, గట్టు దగ్గర బండి ఆపించి, దిగకుండానే చూశాడు. చెట్లనిండా చీమలు. కిందికీ పైకీ బారులు తీరి తిరుగుతున్నాయి. చీమలు పట్టిన చెట్టు బాగుపడదు, ముందు వాటిని వదిలించమని చెప్పి పోయాడు.

నాంచారమ్మ పొయ్యిలోని బూడిద, ఇంట్లో ఉన్న పసుపు కలిపి గంపకెత్తుకుంది. ఒక్కో చెట్టు మొదట్లో గుండ్రంగా చల్లింది. చీమలు వచ్చి, బూడిద గీత దగ్గర ఆగి, అటూ ఇటూ తిరిగి, వెళ్ళిపోయాయి. నాంచారమ్మకి సంతోషమేసింది.

వారం తిరిగింది. చిల్లులు తగ్గాయా? రెట్టింపయ్యాయి. ఆకు కింద పురుగు గుడ్లు గుంపులు గుంపులుగా పగిలి, సన్నటి పిల్లపురుగులు బిలబిలమంటూ బయటికొచ్చాయి. అడ్డుకునేవాళ్ళెవరూ లేరు మరి.

రెండో వారం కోటిలింగం మళ్ళీ బండి ఆపించాడు. ఈసారి కాండం మీద తెల్లటి పూత కనిపించింది. వేలితో రాస్తే పిండిలా అంటుతుంది. అది బూడిద తెగులని ఆయనే నిర్ణయించాడు. కడిగి పారెయ్యమన్నాడు.

అప్పుడు నాంచారమ్మ కుంకుడుకాయ రసం తీసి, తడిగుడ్డ పట్టుకుని, చెట్టు చెట్టునీ కిందినుంచి పైదాకా తుడిచింది. మెడ పట్టేసింది, మోచేతులు లాగేశాయి. పక్క చేలో కలుపు తీస్తున్న ఆదెమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూసి నవ్వింది. ఆదెమ్మ ఆమెకి వరసకి వదిన.

"మొక్కలకి తలంటు పోస్తున్నావా వదినా? సాంబ్రాణి కూడా వెయ్యకపోయావా, పక్క మీద పడుకోబెడుదువు."

నాంచారమ్మ కూడా నవ్వింది. తుడిచిన కాండాలు నిగనిగలాడుతుంటే ముచ్చటేసింది. కానీ ఆ నవ్వు వారం నిలవలేదు. ఎక్కడినుంచి వచ్చాయో, ఆకుపచ్చటి దోమలు వచ్చి ఆ నున్నటి చెట్ల మీద వాలాయి. అంతకుముందు ఎన్నిసార్లొచ్చినా ఆ పూత మీద కాలు నిలవక జారిపోయేవి. ఇప్పుడు హాయిగా కూర్చుని రసం పీల్చాయి. ఆకుల అంచులు పైకి ముడుచుకుని, మాడిన అప్పడాల్లా ఎర్రబడ్డాయి. నాలుగు చెట్లు ఆ వారమే వాడిపోయాయి.

ఆ తర్వాత మూడో వారం. ఈసారి కోటిలింగం రాలేదు, చావడి నుంచే కబురు పంపాడు. చెట్ల మీద పురుగులు తోకన తెల్లటి గుడ్లు పెట్టుకుని తిరుగుతున్నాయని ఎవరో చెప్పారట. వాటిని ఏరి నిప్పుల్లో వెయ్యాలి, లేకపోతే ఊరంతా పురుగే అన్నాడు.

నాంచారమ్మ వెళ్ళి చూసింది. నిజమే. కొన్ని పురుగుల తోక దగ్గర బియ్యపుగింజంత తెల్లటిది అతుక్కుని ఉంది. ఆ పురుగులు కదలకుండా ఆకు మీదే పడి ఉన్నాయి. ఏరడం తేలిక. మిగతావి పగలు మట్టిలో దాక్కుని పొద్దు వాలాక పైకొచ్చేవి, దొరికేవి కావు. దొరికినవాటిని నిప్పుల కుంపట్లో వేసింది. ఒక్కరోజు కాదు, రెండు రోజులు అదే పని. మూడో రోజుకి ఇంకా ఏడు చెట్లు బోడివైపోయాయి.

ఎంత అన్యాయం చూడండి. చెప్పినవాడు అరుగు మీద చల్లగా ఉన్నాడు. చేసినావిడ చేతులు కాలాయి. ఒంటి మీద దెబ్బలేమో చెట్లకి.

ఆ మధ్యాహ్నం నాంచారమ్మ ఇంటికి రాగానే, పురిటికని ముందే వచ్చి ఉన్న తాయారు ఆమె చేతుల వంక చూసింది. కాలిన వేళ్ళకి వెన్న రాస్తూ, పోనీలేమ్మా, బిడ్డకి సంతలో కొన్న చమురే పెట్టుకుందాం అంది. తల్లి బాధ చూడలేక అంది పాపం. ఆ మాట విన్నాక నాంచారమ్మ అన్నం పళ్ళెం జరిపేసి మళ్ళీ గట్టు మీదికి వెళ్ళింది.

ఈసారి గట్టు చివరిదాకా నడిచింది. ఆ చివర రేగుకంప అడ్డంగా పడి ఉంది. దాని వెనక ముప్ఫయ్యో చెట్టు. ముళ్ళు దాటలేక ఆ చెట్టుకి బూడిద చల్లలేదు, కడగలేదు, పురుగు ఏరలేదు. మూడు వారాలుగా దాని ముఖం చూడలేదు. ఎలా ఉందో, అసలుందో లేదో అనుకుంటూ కంప పక్కకి లాగింది.

చెట్టు నిండుగా ఉంది. చేటంతేసి ఆకులు. చిల్లులున్నాయి, లేవని కాదు. కానీ నడినెత్తిన గెల తొడిగింది. ఎర్రటి పూత మీద తుమ్మెద ఆడుతోంది.

నాంచారమ్మ దాని నీడలో చతికిలబడింది. అప్పుడు, మొదటిసారి, చెయ్యి పెట్టకుండా ఊరికే చూసింది.

ఆకుకాడ మీద ఆవగింజంత బుడిపెలు కనిపించాయి. ఒక్కో బుడిపె మీద తేనెచుక్క. చీమ వచ్చింది, ఆ చుక్క తాగింది, తాగి ఆకంతా తిరిగింది. పురుగు గుడ్డు కనిపిస్తే నోట కరుచుకుని దిగిపోయింది. ఇంకో చీమ వచ్చింది. చెట్టు అన్నం పెట్టి పెట్టుకున్న కాపలా అది. ఆ కాపలానే తను బూడిద చల్లి తరిమేసింది.

కాండం మీద తెల్లపూత అలాగే ఉంది. ఒక పచ్చదోమ వాలబోయి, కాళ్ళు జారి, ఎగిరిపోయింది. అది తెగులు కాదు, చెట్టు తనకి తాను పూసుకున్న మైనం. దాన్నే తను కుంకుడురసంతో కడిగేసింది.

ఒక ఆకు మీద గోధుమరంగు మచ్చ ఉంది. ఆ మచ్చ చుట్టూ గీత గీసినట్టు ఆకే ఎండిపోయి ఉంది. లోపలి తెగులు ఆ గీత దాటి రాలేదు. తన ఒంట్లో ముక్కని తనే మాడ్చుకుని, మిగతా ఆకుని దక్కించుకుంది.

మరి తెల్లటి గుడ్ల పురుగు? అదీ ఉంది ఒక ఆకు మీద. నాంచారమ్మ ఆ ఆకుని తుంచి, పురుగుతో సహా ఒక ముంతలో వేసి, పల్చటి గుడ్డ కట్టి ఇంటికి తెచ్చుకుంది. తెల్లారి చూసింది, పురుగు తినలేదు. మర్నాడు చూసింది, పురుగు ఎండిపోయింది. ఆ మర్నాడు, అంటే గడువుకి ముందురోజు, తెల్లటి గింజకి చిన్న మూత తెరుచుకుని నువ్వుగింజంత నల్లటి కందిరీగ బయటికొచ్చింది.

అది పురుగు పెట్టిన గుడ్డు కాదు పిల్లలూ, పురుగు లోపల పెరిగి పురుగుని తిన్న కందిరీగ గూడు. పురుగు ఆకు కొరికినప్పుడు ఒక పసరు వాసన లేస్తుంది. చెట్టుకి నోరు లేదన్నానా? ఆ వాసనే దాని కేక. ఆ కేక విని కందిరీగ ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తుంది. వచ్చిన చుట్టాల పిల్లల్నే నాంచారమ్మ రెండు రోజులపాటు నిప్పుల్లో వేసింది. మట్టిలో దాక్కుని ఆకు తినేవేమో హాయిగా బతికాయి.

నాంచారమ్మ ముంత మీద గుడ్డ తీసేసింది. కందిరీగ గాల్లోకి లేచి గట్టు వైపు పోయింది. అది కనపడకుండా పోయేదాకా చూసి, ఆమె లేచి నిలబడింది. అప్పుడొచ్చింది ఆమెకి కోపం. నలభై ఏళ్ళుగా రాని కోపమంతా ఒక్కసారి వచ్చింది.

మర్నాడు కోటిలింగం నలుగురు మనుషుల్ని, నాలుగు పలుగుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకాల ఊరంతా వచ్చింది. నాంచారమ్మ గట్టుకి అడ్డంగా నిలబడింది. పలుగు వేసేముందు ఆయన్ని బండి దిగి గట్టు చివరిదాకా నడవమంది. అక్కడంతా బురద అన్నాడాయన.

"దిగి చూడకుండా మూడుసార్లు తీర్పు చెప్పారు. ఒక్కసారి చూసి చెప్పండి."

గొంతు పెద్దగా లేదు. కానీ నాంచారమ్మ నోట ఆ మాట రావడం ఎవరూ ఎరగరు. జనం కోటిలింగం వంక చూశారు. ఆయనకి దిగక తప్పలేదు.

ఆమె ముందు తను తలంటు పోసిన చెట్ల పక్కన నడిపించింది. తర్వాత ముప్ఫయ్యో చెట్టు దగ్గర నిలబెట్టింది. చీమల్ని చూపించింది, తెల్లపూత చూపించింది, తోకన గింజ మోస్తూ చచ్చిన పురుగుల్ని చూపించింది. జనం ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూశారు. అదంతా సరే, పురుగు నీ చెట్ల మీదే కదా ఉంది అని గొణిగాడు కోటిలింగం.

"అవును, నా చెట్ల మీదే ఉంది. గుడ్లు పెట్టే రెక్కలపురుగు ఎగిరొచ్చి ముందు ఆముదం మీదే వాలుతుంది. చేలోకి పోకుండా దెబ్బ తను కాసుకుంటుంది ఈ చెట్టు. మీరు మీ గట్టు బోడి చేసుకున్నారు, పురుగు నేరుగా మీ చేలో దిగింది. నా చెట్టు కాపలాని తరిమింది నేను, తరమమన్నది మీరు. దాని చొక్కా విప్పింది నేను, విప్పమన్నది మీరు. దాని చుట్టాల్ని కాల్చింది నేను, కాల్చమన్నది మీరు. అన్నీ లాక్కుని, ఇప్పుడు చేతగానిదని పీకేస్తారా?"

ముప్ఫయ్యో చెట్టు వెనక ఆదెమ్మ చేను. వేరుశనగ పచ్చగా, చాప పరిచినట్టుంది. ఆదెమ్మ దాని వంక చూసింది, చెట్టు వంక చూసింది, పక్కనున్న మొగుడి వంక చూసింది.

"ఇన్నాళ్ళూ ఇదంతా నీ కష్టం అనుకున్నాను కదయ్యా," అంది.

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే పలుగులు పట్టుకున్న నలుగురూ వాటిని నేల మీద పెట్టేశారు. కోటిలింగం ఏమన్నాడు? తప్పైంది అన్నాడా? అనలేదు. చూద్దాం అని చెప్పి బండెక్కి పోయాడు.

ఆ తర్వాత నాంచారమ్మ బూడిదంతా ఊడ్చేసింది. ఇంకే చెట్టు మీదా చెయ్యి వెయ్యలేదు. చీమలు తిరిగొచ్చాయి. కొత్త కొమ్మలకి తెల్లపూత వచ్చింది. కందిరీగలూ వచ్చాయి. కానీ మొత్తం పదకొండు చెట్లు పోయాయి. వాటికి ఎవరు జవాబు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మిగిలిన పంతొమ్మిదీ ఆలస్యంగానైనా గెలలేశాయి.

మార్గశిరంలో తాయారుకి ఆడపిల్ల పుట్టింది. నాంచారమ్మ ముప్ఫయ్యో చెట్టు గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి చమురు తీసింది. ఆ గింజ మాత్రం ఉత్తినే నోట్లో పెట్టుకోకూడదు సుమా, విషం. అదీ చెట్టు చేసుకున్న ఏర్పాటే, తన పిల్లల జోలికి ఎవరూ రాకుండా. గోరువెచ్చటి చమురు నాలుగు చుక్కలు పసిదాని మాడు మీద పెట్టి అద్దింది. పసిది ఒకసారి ఆవులించి కళ్ళు మూసుకుంది.

ఏడాది తిరిగింది. మళ్ళీ వానలొచ్చాయి. కిందటేడు కోటిలింగం చేలో గుప్పెడు కాయ కూడా రాలేదు. ఆముదం గింజలు కావాలని నాంచారమ్మకి మనిషి చేత కబురు పంపాడు. ఆవిడ ఆయన్నే రమ్మంది. వచ్చాడు. దోసెడు గింజలు పోసింది. పోసి ఒక మాట చెప్పింది. అవి మొలిచి రెండాకులు వేశాక, ఊరంతా చూస్తుండగా తప్పు ఒప్పుకోవాలంది. సరే, ఒప్పుకుంటాను నాంచారమ్మా అన్నాడాయన. నాంచారీ పోయి నాంచారమ్మా అయింది, గమనించారా?

"నాకు కాదు. దానికి చెప్పండి, దాని చెవిన పడేలా."

గింజ మొలిచింది. జానెడు మొక్క, రెండే రెండాకులు. జానెడు మొక్కకి వినపడేలా చెప్పాలంటే ఏం చెయ్యాలి? కోటిలింగం ముందు నడుం వంచాడు, చాల్లేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు, చాల్లేదు. రెండు చేతులూ తడిమట్టిలో ఆనించి ముఖం ఆకు దగ్గర పెట్టాడు. ఎర్ర తలపాగా జారి బురదలో పడింది. అప్పుడన్నాడు, నిన్ను చూడకుండానే నిందవేశాను, తప్పైంది అని.

అంతలో ఒక చీమ ఆయన వేలెక్కి, మోచెయ్యెక్కి, చెవి వెనక చటుక్కున కుట్టింది. ఆయన చెయ్యెత్తబోయాడు.

"కొట్టకండి," అంది నాంచారమ్మ. "అది మీ కొత్త కాపలా. డ్యూటీ ఎక్కింది."

కోటిలింగం ఎత్తిన చెయ్యి దింపేశాడు. బురద తలపాగాని చంకలో పెట్టుకుని, ఇంటిదాకా నడిచే వెళ్ళాడు.

అదిగో, మీ అమ్మలు పిలుస్తున్నారు. చిట్టీ, జడ అయిపోయింది, లే. రేపు గట్ల వైపు వెళ్ళినప్పుడు ఊరికే ఆకులు తుంచకండి. వంగి ఒకసారి చూడండి. ఇప్పుడు నాతోపాటు అనండి:

ఆకుకాడ తేనెచుక్క చీమ కాపలాకి,
కాండమంతా తెల్లపూత దోమ జారడానికి,
పసరువాసన పిలుపేమో కందిరీగ జాడకి,
గింజలోని చల్లచమురు పాప చిట్టి మాడుకి,
కోటిలింగం తలపాగా బురదమట్టి పాలికి,
కథేమో కంచికి, మీరేమో కంచానికి.

లేవండి, వేడన్నం చల్లారిపోతుంది.